చర్చ వినకుండా వచ్చి ఓటేయడం సరైనదేనా?

ప్రశ్న: తమ్ముడి అక్క

నమస్కారమండీ. రాజకీయాల గురించి నేను ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. ఇది మాత్రం రెండు వారాలుగా మనసులోంచి పోవడం లేదు. అందుకే అడుగుతున్నాను.

మా తమ్ముడు ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. చేతులు లోపలికి వెళ్ళకుండా మిషన్‌కి ఒక గార్డు ఉంటుంది. అది ఉంటే పని నెమ్మదిగా సాగుతుందని తీసేసి నడిపించేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఇప్పుడు చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. సంతకం మాత్రం ఇంకా కుదరడం లేదు. కాగితం మీద పెన్ను పెట్టగానే వాడి ముఖం మారిపోతుంది.

పనిచేసే చోట భద్రత మీద ఒక బిల్లు సభలో చర్చకు వస్తోందని తెలిసి, ఆ రోజు నేను సెలవు పెట్టాను. ఇద్దరం కూర్చుని లైవ్‌లో మొదటి నుంచి చివరిదాకా చూశాం. కెమెరా ఎక్కువసేపు మాట్లాడే మనిషి మీదే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పైనుంచి మొత్తం హాలు చూపిస్తుంది. అలా చూపించినప్పుడు ఆపి లెక్కపెట్టాను. ఒకసారి 26 మంది. ఇంకోసారి 19 మంది. ఆ 19 మందే ఉన్న సమయంలో ఒక సభ్యురాలు లేచి మాట్లాడింది. సరిగ్గా మా తమ్ముడి సంగతే. గార్డు తీసేసి మిషన్ నడిపిస్తే సూపర్‌వైజర్‌ని కాదు, యజమానిని బాధ్యుణ్ణి చేయాలని ఆవిడ సవరణ. చాలా వివరంగా చెప్పింది. ఆవిడ వెనక బెంచీలో ఒకాయన ఫోన్‌లో మునిగిపోయి ఉన్నాడు. సంబంధిత మంత్రి కుర్చీ ఖాళీ.

సాయంత్రం ఓటింగ్ అన్నారు. బెల్లు మోగింది. చూస్తుండగానే హాలు నిండిపోయింది. సవరణ వీగిపోయింది.

మా తమ్ముడు ఒకటే అడిగాడు. "అక్కా, వీళ్ళంతా ఇంతసేపు ఎక్కడున్నారు? ఆవిడ చెప్పింది వీళ్ళలో ఎవరైనా విన్నారా?"

నా దగ్గర జవాబు లేదు. సభ్యులు చర్చలకు ఇంకా ఎక్కువగా హాజరు కావాలని గట్టి నియమం పెట్టాలా? రాకపోతే జీతం కోయాలా? లేక బయట ఉన్న మాకు అర్థంకాని కారణం ఏదైనా ఉందా? లోపల పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పార్టీల పేర్లు, తిట్లు వద్దు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జవాబు: షార్ట్‌హ్యాండ్

అమ్మా, నేను ఒక చట్టసభలో 22 ఏళ్ళు వెర్బేటిమ్ రిపోర్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సభలో పలికిన ప్రతి మాటా రాయడం మా ఉద్యోగం. హాలు మధ్యలో బల్ల దగ్గర కూర్చుంటాం. ఒకరు ఐదు నిమిషాలు రాసి లేస్తారు, వెనకాల సిద్ధంగా ఉన్నవాళ్ళు ఆ కుర్చీలో కూర్చుంటారు. లేచినవాళ్ళు వెళ్ళి అది టైపు చేసి మళ్ళీ తమ వంతుకు వస్తారు. సభ నడిచినంతసేపూ ఇదే. కాబట్టి మీ తమ్ముడు అడిగిన ప్రశ్నకు నేను చూసినంతలో చెప్పగలను.

ముందుగా నా జవాబు: రావాలి. ఇప్పటికంటే ఎక్కువగా రావాలి. జీతం కోసే సంగతి తర్వాత చెబుతాను.

సభ నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్నది మాకు తలెత్తకుండానే తెలిసిపోయేది. రాస్తున్న వాక్యాలే చెప్పేవి. ఎదురుగా మనుషులుంటే మాట్లాడేవాళ్ళ వాక్యాలు చిన్నవవుతాయి. మధ్యలో ఆగుతారు. "గౌరవ సభ్యులు తల ఊపుతున్నారు, కాదంటారా, అయితే ఈ లెక్క చూడండి" అంటారు. ఎవరో లేచి ఒక ప్రశ్న వేస్తారు, దానికి జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది. అలా వెతుక్కునేటప్పుడే తమ వాదనలో లోపం కూడా బయటపడుతుంది. చర్చ అంటే అదే కదా. ఖాళీ సభలో అయితే కాగితం చూసి చదువుతారు. వాక్యం ఆరేడు లైన్లు సాగుతుంది. పేజీ తిప్పిన చప్పుడు కూడా మాకు వినబడేది. ఆ ప్రసంగం ఇంట్లో రాసుకున్నదే, సభలో దానికి ఏమీ జరగలేదు. మా నోట్సులో "అంతరాయం" అన్న మాట ఒక్కటి కూడా లేని ప్రసంగాలు ఎక్కువ భాగం అలాంటివే. జనం గొడవను తప్పుపడతారు గానీ, నన్నడిగితే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం పుట్టించేది.

ఒక సంగతి చెబుతాను. మొదటిసారి గెలిచిన ఒక యువ సభ్యుడు చెవిటి పిల్లల బడుల మీద 14 నిమిషాలు మాట్లాడాడు. మంచి ప్రసంగం, కష్టపడి తయారుచేసుకున్నది. హాల్లో పదిమందికి అటూ ఇటూ ఉన్నారు. ఆ రాత్రి అతను మా గదికి వచ్చాడు. తన ప్రసంగం టైపు ప్రతి చూసుకోవచ్చు, అది మామూలే. కుర్చీ అంచున కూర్చుని ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. "సార్, నేను ఇక్కడ 12 వేలు అన్నానా? 12 శాతం అనాలి" అన్నాడు. నా నోట్సు తీసి చూపించాను. వేలు అనే ఉంది. అతని ముఖం పాలిపోయింది. ఆ ఒక్క మాటతో అతని వాదన మొత్తం తలకిందులైంది. కానీ సభలో ఒక్కరూ లేచి "అదేం లెక్క" అని అడగలేదు. మంత్రి తరఫున సాయంత్రం చదివిన జవాబులోనూ దాని ఊసు లేదు. ఆ జవాబు పొద్దున్నే టైపు చేయించి ఉంచినది.

మీ తమ్ముడు "ఎవరైనా విన్నారా" అని అడిగాడు చూడండి, ఆ రోజు ఆ కుర్రాడు కూడా అదే అడిగాడు. "ఎవరూ పట్టించుకోలేదంటే ఎవరూ వినలేదన్నమాటేగా సార్" అన్నాడు. నేను విన్నానని చెప్పాలనిపించింది. మేము రాస్తాం. వినడం వేరు.

వినేవాళ్ళుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి మా వృత్తిలో పాతవాళ్ళు ఒక ఉదాహరణ చెప్పేవాళ్ళు. 1940 మే 7న బ్రిటన్ పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభలో నార్వే యుద్ధ వైఫల్యం మీద చర్చ. ప్రధాని చాంబర్లేన్ సొంత పార్టీ సభ్యుడు లియో ఆమెరీకి మాట్లాడే అవకాశం వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. భోజనాల వేళ, బెంచీలు పలచబడ్డాయి. క్లెమెంట్ డేవిస్ అనే మరో సభ్యుడు ఆయన దగ్గరికొచ్చి, చెప్పదలుచుకున్నదంతా చెప్పమని చెవిలో చెప్పి, తను బయటికెళ్ళి లాబీల్లో ఉన్నవాళ్ళను పిలుచుకొచ్చాడు. ఆమెరీ మాట్లాడుతుండగానే హాలు నిండింది. తమ పక్షంవాళ్ళే లోలోపల ఒప్పుకుంటున్నారని ఆయనకు కనిపించింది. అందుకే చివర్లో అంత తీవ్రంగా, సొంత ప్రధానిని దిగిపొమ్మనగలిగాడు. మర్నాడు ఓటింగులో ప్రభుత్వం 281కి 200తో గెలిచింది. అయితే రెండు వందలు దాటి ఉండాల్సిన మెజారిటీ 81కి పడిపోయింది. మే 10న చాంబర్లేన్ రాజీనామా చేశాడు. ఆ రాత్రి క్లెమెంట్ డేవిస్ లేచి బయటికి వెళ్ళకపోతే ఆ ప్రసంగం ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

అందరూ అన్ని చర్చలకూ కూర్చోవాలని నేననను. అది మనుషులకు సాధ్యమయ్యే పని కాదు. అదే కామన్స్ సభ హాలు 1941లో బాంబు దాడిలో నాశనమైతే, అందరికీ సీట్లు పట్టేంత పెద్దగా కట్టొద్దని 1943లో చర్చిల్ గట్టిగా వాదించాడు. ఇప్పటికీ 650 మంది సభ్యులకు అక్కడ 427 సీట్లే. మామూలు రోజుల్లో పెద్ద హాల్లో కొద్దిమంది కూర్చుంటే చర్చకు ప్రాణం ఉండదని ఆయన అన్నది నేను ప్రతి రోజూ చూశాను.

కానీ కొందరు మాత్రం తప్పకుండా ఉండాలి. బిల్లు తెచ్చిన మంత్రి ఉండాలి. ప్రతి పక్షం నుంచీ ఆ విషయం చూసే సభ్యుడు ఉండాలి. మాట్లాడినవాళ్ళు తమ ప్రసంగం కాగానే లేచిపోకూడదు. కామన్స్‌లో దీనికి ఒక సంప్రదాయం ఉంది: మాట్లాడదలిచినవాళ్ళు చర్చ మొదట్లో ప్రసంగాలు వినాలి, తమ తర్వాత కనీసం ఇద్దరు మాట్లాడేదాకా కూర్చోవాలి, చివర్లో ముగింపు ప్రసంగాలకు తిరిగి రావాలి. అందరూ పాటిస్తారని కాదు. పాటించనివాళ్ళను తర్వాతి చర్చల్లో స్పీకర్ మాట్లాడమని పిలవడం ఆలస్యమవుతుంది. నాకు తెలిసినంతలో హాజరు మీద ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు. ఎందుకంటే ఇది సంతకం అడగదు, వినమని అడుగుతుంది.

జవాబు: ఫైళ్ళ పని

షార్ట్‌హ్యాండ్ గారూ, మీరు హాలు లోపలి నుంచి చూశారు. నేను ఆ హాలుకు బయట కారిడార్‌లో ఆరేళ్ళు ఒక సభ్యురాలికి సహాయకుడిగా పనిచేశాను. మీరు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ అక్క గారు 19 మందినే చూసి మిగతావాళ్ళంతా ఎక్కడో ఖాళీగా తిరుగుతున్నారనుకుంటే అది న్యాయం కాదు.

మా మేడమ్‌కి ఒక మామూలు రోజు చెబుతాను. పొద్దున 9:30కి కమిటీ. 11కి ప్రశ్నల సమయం, సభలో ఉండాలి. 12కి కలవడానికి వచ్చినవాళ్ళు, వరసగా నాలుగు బృందాలు. రెండింటికి చర్చ మొదలవుతుంది, సరిగ్గా అదే రెండింటికి ఇంకో కమిటీలో సాక్షుల విచారణ. రెండు చోట్లా ఆవిడే కావాలి. ఆవిడ కమిటీకి వెళ్ళేది. నేను ఆఫీసులో సభ టీవీ పెట్టుకుని, ముఖ్యమైన పాయింట్లు కాగితం మీద రాసి పంపేవాణ్ణి. సాయంత్రం మాకు ఉత్తరాలు వచ్చేవి, "టీవీలో మీ కుర్చీ ఖాళీగా ఉంది, సిగ్గు లేదా" అని. ఆవిడ అవి చదివి చాలా బాధపడేది. ఒకసారి ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ఆ కమిటీ గదిలో ఏం జరిగిందో చెబుతాను. ఒక బిల్లులో "తనిఖీ అధికారి నోటీసు ఇవ్వవచ్చు" అని ఉంది. ఆవిడ రెండు సిట్టింగులు కొట్లాడి దాన్ని "ఇవ్వాలి" అని మార్పించింది. ఒక్క మాట. "ఇవ్వవచ్చు" అంటే అధికారి ఇష్టం, "ఇవ్వాలి" అంటే ఇవ్వకపోతే కోర్టుకు వెళ్ళొచ్చు. సభలో ఎంత గొప్పగా మాట్లాడినా ఆ మాట మారేది కాదు. కమిటీలో కెమెరాలు లేవు, అందుకే అక్కడ ఎదుటి పక్షం వాళ్ళు కూడా "సరే, మీరు చెప్పింది నిజమే" అనగలిగారు.

ఇక హాలు ఖాళీగా ఎందుకుంటుందో లోపలివాళ్ళకు తెలిసిన అసలు కారణం ఇంకొకటి ఉంది. ఓటు ముందే ఖాయమైపోతుంది. పార్టీ విప్ జారీ చేస్తుంది, ఫలానా వైపు ఓటేయమని. భారతదేశంలో అయితే 1985లో రాజ్యాంగానికి చేర్చిన పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. అలాంటప్పుడు ఒక సభ్యుడు మూడు గంటలు శ్రద్ధగా విని, "ఆవిడ చెప్పింది నిజం" అని నమ్మినా, ఏం చేయగలడు? వినడం వల్ల అతనికి మిగిలేది మనోవేదన ఒక్కటే. నేను ఎరిగిన ఒక సభ్యుడు అదే చెప్పాడు. "వింటే ఓటేయడం కష్టమవుతుంది" అని. ఆ మాట నాకు చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు. హాజరు పెంచమని అడిగేముందు, విన్నవాడికి మనసు మార్చుకునే వీలు ఇవ్వాలి. కనీసం సవరణల మీదైనా విప్ లేకుండా వదలాలి. ప్రభుత్వం పడిపోయే విశ్వాస తీర్మానాలు, బడ్జెట్ లాంటివాటికి విప్ ఉండనీయండి. మిషన్‌కి గార్డు ఉండాలా వద్దా అన్నదానికి పార్టీ గీత ఎందుకు?

జవాబు: నియమావళి

జీతం కోత గురించి అక్క గారు అడిగారు కాబట్టి, నేను చట్టసభల నియమాలు పాఠం చెప్పేవాణ్ణి, అంతవరకు రాస్తాను.

హాజరు నియమాలు ఇప్పటికే ఉన్నాయి, కానీ అవి దాదాపు అన్నీ చర్చకు సంబంధించినవి కావు. భారత రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం కోరం, అంటే సభ నడవడానికి కనీసం ఉండాల్సిన సంఖ్య, మొత్తం సభ్యుల్లో పదో వంతు. 101వ అధికరణ ప్రకారం అనుమతి లేకుండా 60 రోజుల పాటు సమావేశాలకు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. ఆస్ట్రేలియాలో అనుమతి లేకుండా వరుసగా రెండు నెలలు రాకపోతే సీటు పోతుంది. బ్రిటన్ కామన్స్‌లో కోరం 40, అదీ ఓటింగు అప్పుడే లెక్క. ఇవన్నీ సభ్యుడు బతికే ఉన్నాడా, పనిలో ఉన్నాడా అని చూసే నియమాలు. విన్నాడా అని చూసేవి కావు.

డబ్బుతో ముడిపెట్టినవీ ఉన్నాయి. యూరోపియన్ పార్లమెంటులో ఓటింగు రోజుల్లో సగానికి పైగా రోల్‌కాల్ ఓట్లకు (ఎవరు ఎటు వేశారో పేరుపేరునా నమోదయ్యే ఓట్లు) లేకపోతే ఆ రోజు భత్యంలో సగం కోస్తారు. ఫలితం? ఓట్లకు వస్తున్నారు. అదే పార్లమెంటులో 2017 జులై 4న మాల్టా ప్రధాని మాట్లాడుతుంటే 751 మందిలో సుమారు 30 మందే ఉన్నారు. అప్పటి యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు యుంకర్ లేచి, ఈ సభ నవ్వులపాలైందని ముఖం మీదే అన్నాడు. మనం దేనికి డబ్బు కడితే దానికే మనుషులు వస్తారు. సంతకానికి కడితే సంతకం వస్తుంది.

కోరం పెంచడమూ మందు కాదు. జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌లో నిర్ణయం చెల్లాలంటే సగానికి పైగా సభ్యులు ఉండాలి, ఒక పార్టీ పక్షం గానీ తగినంతమంది సభ్యులు గానీ ప్రశ్నిస్తే లెక్కపెడతారు. 2012 జూన్ 15న అలా లెక్కపెడితే 620 మందిలో 211 మందే తేలారు, సమావేశం అక్కడితో ఆపేశారు. అప్పుడు ప్రతిపక్ష సభ్యులు చాలామంది కావాలనే లోపలికి రాలేదు. బిల్లు ఆపడానికి గైర్హాజరే ఆయుధమైంది.

కెమెరాలు పెడితే సిగ్గుపడి వస్తారనే ఆశ కూడా ఒకప్పుడు ఉండేది. బ్రిటన్ కామన్స్‌లో 1989 నవంబరులో టీవీ ప్రసారం మొదలైంది. మాట్లాడే సభ్యుడి చుట్టూ నలుగురైదుగురు దగ్గరగా కూర్చుని హాలు నిండినట్టు కనిపించేలా చేసేవాళ్ళు. దానికి డోనట్టింగ్ అని పేరు కూడా వచ్చింది.

ఓటుకైతే ఏం చేస్తారో చూడండి. 1979 మార్చి 28న బ్రిటన్‌లో కాలహన్ ప్రభుత్వం 311కి 310తో, ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళలో చావుబతుకుల్లో ఉన్న సర్ ఆల్ఫ్రెడ్ బ్రౌటన్ ఒకరు. ఆయన్ను అంబులెన్స్‌లో అయినా తీసుకురావాలా అని పార్టీలో చివరిదాకా మల్లగుల్లాలు పడ్డారు. తీసుకురాకూడదని కాలహన్ నిర్ణయించాడు. కొద్ది రోజులకే బ్రౌటన్ చనిపోయారు. ఒక ఓటు కోసం మంచం పట్టిన మనిషి గురించి అంత ఆలోచిస్తారు. ఒక చర్చ వినడం కోసం పక్క గదిలో ఉన్నవాణ్ణి పిలవరు. ఎందుకంటే ఓటు లెక్కలోకి వస్తుంది, వినడం రాదు. నా అభిప్రాయంలో మార్చాల్సింది సభ టైమ్‌టేబుల్. చర్చ నడిచే వేళ కమిటీలు కూర్చోకూడదు, ముఖ్యమైన చర్చ ముగిసిన వెంటనే ఓటు పెట్టాలి, గంటల తర్వాత కాదు.

తమ్ముడి అక్క

అందరికీ దండాలండీ. ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. తమ్ముడికి మొత్తం చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు "ఆ పేరా మళ్ళీ చదువు" అన్నాడు. ఒకటి 12 వేల సంగతి, రెండోది "వింటే ఓటేయడం కష్టమవుతుంది".

ఫైళ్ళ పని గారూ, మీ మేడమ్ గారి గురించి చదివాక, నేను అలా తలలు లెక్కపెట్టి కోపం తెచ్చుకోవడం తొందరపాటు అనిపించింది. మీరు చెప్పాక ఈ బిల్లు మీద కమిటీ నివేదిక ఉందేమోనని వెతికాను. ఉంది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. గార్డు తీసేసి నడపడం గురించి రెండు పేరాలున్నాయి. అక్కడ ఎవరో చాలా బాగా అడిగారు, అధికారులు నీళ్ళు నమిలారు. అంటే కమిటీలో ఉన్నవాళ్ళకు సంగతి తెలుసు. మంచిదే.

కానీ అప్పుడు నా సందేహం ఇంకా పెరిగింది. కమిటీలో ఉన్నది కొద్దిమందే. సాయంత్రం ఓటేసింది వందల మంది. కమిటీలో లేనివాళ్ళు, మధ్యాహ్నం హాల్లోనూ లేనివాళ్ళు, ఆ సవరణ సంగతి ఎక్కడ తెలుసుకున్నారు? కమిటీ పని చేస్తోందనేది కమిటీలో ఉన్నవాళ్ళకు జవాబు అవుతుంది. మిగతావాళ్ళకు కాదు కదా. నాకైతే చర్చ అనేది పెట్టిందే వాళ్ళకోసం అనిపిస్తోంది.

మా సభ్యుడికి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. హాజరు శాతం అడగను. ఏం అడగాలో చెప్పగలరా?

షార్ట్‌హ్యాండ్

అమ్మా, మీరు చివర్లో పట్టుకున్నదే అసలు విషయం. ఫైళ్ళ పని గారు చెప్పిన కమిటీ మాటకు నేను మనస్ఫూర్తిగా తలవంచుతాను. ఆ "ఇవ్వాలి" లాంటి మాటలు మేము ఎన్ని రాసుకున్నా హాల్లో పుట్టేవి కావు. విప్ గురించి ఆయన చెప్పినదీ నిజమే. అయినా ఒక్కచోట ఆయనతో విభేదిస్తాను. మనసు మార్చుకునే వీలు వచ్చేదాకా వినడం ఆపుదాం అంటే ఆ వీలు ఎప్పటికీ రాదు. విని, కష్టపడి, అయినా విప్ ప్రకారం ఓటేసిన సభ్యుడు పార్టీ సమావేశంలో లేచి "నేను ఇలాంటి ఓటు మళ్ళీ వేయలేను" అంటాడు. అలా అన్నవాళ్ళ గురించి మేము విన్నాం. విననివాడికి ఆ కష్టమే ఉండదు, ఇక దేనికి లేస్తాడు?

ఉత్తరం సంగతి. సభ ప్రొసీడింగ్స్ (సభలో పలికిన మాటల రికార్డు) బయటికొచ్చి ఉంటాయి. ఆ సభ్యురాలి ప్రసంగం ఉన్న పేజీలు తీసి జత చేయండి. సవరణ నంబరు, క్లాజు నంబరు స్పష్టంగా రాయండి. నంబరు లేని ఉత్తరానికి ఆఫీసులో ఒక మామూలు జవాబు వెళ్ళిపోతుంది. తర్వాత మూడు ప్రశ్నలు చాలు. ఈ సవరణ మీద మీరు ఏ వైపు ఓటేశారు? ఓటేసే ముందు దాని గురించి దేన్ని చదివి గానీ విని గానీ తెలుసుకున్నారు? ఆ ప్రసంగంలో చెప్పినదానికి మీ జవాబు ఏమిటి? మూడోది ముఖ్యం. దానికి జవాబు రాయాలంటే కనీసం ఇప్పుడైనా చదవాలి. మీ తమ్ముడి విషయం నాలుగు లైన్లలో రాయండి, ఎక్కువ వద్దు. సంతకం వీలైతే అతనిదే పెట్టించండి, ఎలా వచ్చినా సరే.

ఆ 12 వేల సంగతి మీ తమ్ముడు మళ్ళీ చదివించుకున్నాడన్నారు. తర్వాత ఏమైందో చెబుతాను. అర్థం మారే దిద్దుబాటు మేము చేయకూడదు. పలికింది పలికినట్టే ఉండాలి. అతను పొరపాటు సరిదిద్దుకోవాలంటే సభలోనే లేచి చెప్పాలి. మర్నాడు పొద్దున్నే అనుమతి అడిగి లేచాడు. ప్రశ్నల సమయానికి ముందు కావడంతో హాలు నిండుగా ఉంది. "నిన్న నేను 12 వేలు అన్నాను, 12 శాతం అని చదువుకోవాలి" అని ఒక్క వాక్యం చెప్పాడు. ప్రతిపక్షం బెంచీల్లోంచి ఒక పెద్దావిడ లేచి, "దేంట్లో 12 శాతం?" అని అడిగింది. అతను వివరించాడు. ఆవిడ ఇంకోటి అడిగింది. వెనక నుంచి మరొకాయన అడిగాడు. నాలుగు నిమిషాలు సాగింది. నా వంతు అప్పుడే, మొత్తం నేనే రాశాను. ముందురోజు 14 నిమిషాల్లో రాని "అంతరాయం" ఆ నాలుగు నిమిషాల్లో ఐదుసార్లు రాశాను.